కాంబో వచ్చింది, ఆట ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: నమస్తే అండి. నాకు 33 ఏళ్లు. కాకినాడలో చదువుకునేటప్పుడు మా వీధి చివర వీడియో గేమ్ షాపులో గంటకింత అని కట్టి టెక్కెన్ 3 ఆడేవాళ్లం. ఎడ్డీ అనే క్యారెక్టర్‌ని తీసుకుని కిక్ బటన్లు నొక్కుకుంటూ పోతే చాలు, మా బ్యాచ్‌లో నన్ను కొట్టేవాడు లేడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఈమధ్య ప్లేస్టేషన్ 5 కొని స్ట్రీట్ ఫైటర్ 6 అనే ఫైటింగ్ గేమ్ మొదలుపెట్టాను. కెన్ అనే క్యారెక్టర్‌తో ఆడతాను. వీడియోలు చూసి పెద్ద పెద్ద కాంబోలు, అంటే ఒకదాని వెంట ఒకటి ఆపకుండా తగిలే దెబ్బల వరసలు, నేర్చుకున్నాను. ట్రైనింగ్‌లో బాగానే పడతాయి, ఆన్‌లైన్‌కి వెళ్తే ఒక్కటీ పడదు. సిల్వర్ ర్యాంకు దాటడం లేదు. ఎదుటివాళ్లు ఎగిరి మీద పడతారు, డ్రైవ్ ఇంపాక్ట్ అనే పెద్ద దెబ్బ కొడతారు, హోండా అనే క్యారెక్టర్ అయితే తలతో దూసుకొస్తూనే ఉంటాడు. నేను నిలబడి తింటూ ఉంటాను. వైఫై మీద ఆడతాను, ల్యాగ్ కూడా ఉందేమో. కెన్‌ని వదిలేసి ఇంకో క్యారెక్టర్‌కి మారాలా? నా వయసుకి రిఫ్లెక్స్‌లు సరిపోవా? ఓడిన రోజు రాత్రి టెన్షన్‌తో నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు.

జవాబు: వయసు సంగతి ముందు తేల్చేద్దాం. 2023 సెప్టెంబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5కి పతకాలు ఇచ్చారు. బంగారు పతకం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూకి అప్పటికి 44 ఏళ్లు. మీకంటే 11 ఏళ్లు పెద్దాయన.

ఇక రిఫ్లెక్స్‌ల లెక్క. ఈ ఆట సెకనుకు 60 ఫ్రేముల (తెరమీద మారే బొమ్మల) చొప్పున నడుస్తుంది. అంటే ఒక ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు. కళ్ల ముందు ఏదో మారిందని గుర్తుపట్టి బటన్ నొక్కడానికి మామూలు మనిషికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే 12 నుంచి 15 ఫ్రేములు. ఆటలో ఒకేసారి నాలుగైదు రకాల ప్రమాదాల కోసం చూస్తూ ఉంటాం కాబట్టి ఇంకొంచెం ఎక్కువే అనుకోండి. ఇప్పుడు మీరు రాసినవి చూద్దాం. ఎగిరినవాడు మళ్లీ నేలమీదకి రావడానికి 40 ఫ్రేములకు అటూఇటూగా పడుతుంది. డ్రైవ్ ఇంపాక్ట్ తగలడానికి 26 ఫ్రేములు. ఈ రెండూ మీ చేతికి అందేవే. అందనిది త్రో లాంటిది, అంటే దగ్గరికొచ్చి పట్టుకుని విసిరేయడం. అది 5 ఫ్రేముల్లో పట్టేసుకుంటుంది. దాన్ని చూశాక తప్పించుకోవడం పద్దెనిమిదేళ్ల కుర్రాడికైనా సాధ్యం కాదు, ముందే ఊహించాలి. మీరు తింటున్న దెబ్బల్లో ఎక్కువ భాగం కనిపించే దెబ్బలే.

మరి కనిపిస్తున్నా ఎందుకు తింటున్నారు? నా అనుమానం ఏమిటంటే, మ్యాచ్ నడిచినంతసేపూ మీరు మీ కాంబో గురించే ఆలోచిస్తున్నారు. ఎప్పుడు మొదలుపెడదామా అని బుర్ర అంతా దానిమీదే ఉంటుంది. చూపు మీ కెన్ మీద ఉంటుంది. ఎదుటివాడు నేల వదిలిన క్షణాన్ని పట్టుకోవడానికి అక్కడ మనసే ఖాళీగా లేదు. ఇది రిఫ్లెక్స్ లోపం కాదు. అందుకే మొదటి సలహా చాలా చిన్నది: ఆడేటప్పుడు ఎదుటి మనిషిని చూడండి. మీ కెన్ ఎక్కడున్నాడో మీ చేతులకు తెలుసు. మొదట్లో రెండు మూడు రోజులు ఇబ్బందిగా ఉంటుంది, ఓడతారు కూడా. ఓడనివ్వండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. క్యారెక్టర్ నేర్చుకోవడం అంటే ఆ క్యారెక్టర్ కాంబోలు నేర్చుకోవడం అని మీరు అనుకుంటున్నారు. చాలామంది అలాగే మొదలుపెడతారు, వీడియోలు కూడా అవే ఎక్కువ. కానీ కాంబో అనేది చివర్లో దక్కే ఫలితం. మొదటి దెబ్బ తగిలాకే దాని పని. ఆ మొదటి దెబ్బ ఎలా తగులుతుంది, ఎక్కడ నిలబడితే తగులుతుంది అన్నదే క్యారెక్టర్ వ్యూహం. దాన్ని తెలుసుకోవడానికి నేను ఎవరికైనా మూడు ప్రశ్నలే చెబుతాను. ఈ క్యారెక్టర్ ఎంత దూరంలో సుఖంగా ఉంటాడు? అక్కడ నిలబడి ఎదుటివాణ్ని దేనితో ఇబ్బంది పెడతాడు? ఆ ఇబ్బంది భరించలేక ఎదుటివాడు ఏం చేస్తాడు, దానికి మన దగ్గర ఏముంది?

గైల్‌ని తీసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అతనికి దూరం కావాలి. సోనిక్ బూమ్ అనే గాలి దెబ్బను విసురుతాడు. దాన్ని బ్లాక్ చేస్తూ కూర్చుంటే ఎదుటివాడి డ్రైవ్ గేజ్, అంటే డ్రైవ్ ఇంపాక్ట్ లాంటివాటికి ఖర్చయ్యే ఆరు గడుల శక్తి గీత, తరుగుతూ ఉంటుంది. విసుగొచ్చి ఎగిరాడా, కింద కాచుకుని ఉన్న గైల్ కాలు పైకి లేచి తన్నుతుంది. అంటే సోనిక్ బూమ్ దెబ్బకోసం మాత్రమే కాదు, ఎగిరేలా చేయడానికి కూడా. జాంగీఫ్‌కి సరిగ్గా ఇందుకు విరుద్ధం. అతనికి చేయి అందేంత దగ్గర కావాలి, అక్కడిదాకా రావడమే అతని ఆట అంతా. మన దేశం వాడిగా 1991లో స్ట్రీట్ ఫైటర్ 2లో వచ్చిన ధల్సిమ్ అయితే సాగే చేతులూ కాళ్లతో స్క్రీన్ అటు చివర నుంచే కొట్టగలడు. మీద పడి ఊపిరి తీసుకోనివ్వకపోతే అతని బలం సగం తగ్గిపోతుంది. వీళ్లలో ఎవరి కాంబోలూ తెలియకుండానే, ఎవరు ఎక్కడ నిలబడాలనుకుంటారో మీకు ఇప్పుడు తెలిసింది. మ్యాచ్ మొదలయ్యే ముందు ఇంత తెలిస్తే చాలు, సగం గందరగోళం పోతుంది.

మీ కెన్‌కి నచ్చేది మధ్య దూరం. అతని క్రౌచింగ్ మీడియం కిక్ (కిందకి వంగి కొట్టే మధ్యస్థాయి తన్ను) చివర తగిలేంత దూరం. అక్కడ ఉంటే అతను ముందుకొచ్చి కొట్టగలడు, ఒక అడుగు వెనక్కి వేసి ఎదుటివాడి దెబ్బ గాల్లో పోయేలా చేయగలడు. మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కబడ్డీలో కూతకెళ్లినవాడు డిఫెండర్ల చేయి అందీ అందనంత దూరంలో ఊగుతూ ఉంటాడు చూడండి, వాళ్లు తొందరపడి చేయి చాపితే చటుక్కున తాకి వెనక్కి వస్తాడు. ఫుట్సీస్ అని ఆటగాళ్లు పిలిచేది సరిగ్గా ఈ ఊగడాన్నే. సిల్వర్‌లో చాలామంది ఈ దూరంలో ఒక్క క్షణం కూడా ఆగరు. పరుగెత్తి మీదకొస్తారు, లేదంటే ఎగురుతారు. మీరు అక్కడ ఆగడం నేర్చుకుంటే వాళ్ల తొందరే మీకు పనికొస్తుంది.

ఆ దూరంలో కెన్ ఎదుటివాణ్ని ఇబ్బంది పెట్టేది ఆ క్రౌచింగ్ మీడియం కిక్‌తోనే. దాన్నుంచి హడోకెన్‌కి (చేతుల్లోంచి విసిరే శక్తి గోళం) గానీ జిన్‌రాయ్ కిక్‌కి (వరస తన్నులు) గానీ వెళ్లొచ్చు. డ్రైవ్ గేజ్ నిండుగా ఉంటే మూడు గడులు ఖర్చుపెట్టి డ్రైవ్ రష్‌లోకి (మెరుపులా ముందుకు దూసుకెళ్లడం) కూడా వెళ్లొచ్చు. అది తగులుతూ ఉంటే ఎదుటివాడికి చిరాకొచ్చి ఎగురుతాడు. అప్పుడు షోర్యుకెన్, అంటే పైకెగిరి కొట్టే పిడిగుద్దు. షోర్యుకెన్ చేయి తిరగడం ఆలస్యమవుతుంటే క్రౌచింగ్ హెవీ పంచ్ కూడా పైనుంచి వచ్చేవాణ్ని బాగానే ఆపుతుంది. మొదట దాన్నే అలవాటు చేసుకోండి. ఎగిరినప్పుడల్లా దెబ్బ తగులుతోందని అవతలివాడికి అర్థమైతే ఎగరడం మానేస్తాడు. నేలమీదే ఉండిపోతాడు. నేలమీద మధ్య దూరంలో కెన్‌కి తిరుగులేదు. అక్కణ్నుంచి మెల్లగా వెనక్కి నెట్టుకుంటూ కార్నర్‌కి తీసుకెళ్లడమే కెన్ అసలు లక్ష్యం. గోడకి ఆనిన మనిషికి వెనకడుగు లేదు, అక్కడ త్రో అన్నా భయమే, దెబ్బ అన్నా భయమే. మీ పెద్ద కాంబోలకు విలువ వచ్చేది అక్కడే, ఎందుకంటే కెన్ కాంబోలు మనిషిని స్క్రీన్ చివరి దాకా మోసుకుపోతాయి.

అందుకని ఇప్పటికి రెండే కాంబోలు ఉంచుకోండి. ఒకటి, దగ్గర్లో ఉన్నప్పుడు క్రౌచింగ్ లైట్ పంచ్‌లు రెండు, అవి తగిలితేనే షోర్యుకెన్. బ్లాక్ అయితే అక్కడే ఆగాలి. ఆ ఆగడమే ముఖ్యం, బ్లాక్ అయిన షోర్యుకెన్ తర్వాత కెన్ గాల్లో నిస్సహాయంగా ఉంటాడు, అవతలివాడు తన దగ్గరున్న పెద్ద దెబ్బ తీరిగ్గా పెడతాడు. రెండోది, ఎదుటివాడు అలాంటి పెద్ద తప్పు చేసినప్పుడు హెవీ పంచ్‌తో మొదలుపెట్టి మీకు వచ్చినంత వరకు. మీరు కష్టపడి నేర్చుకున్న పొడుగు కాంబోలు ఎక్కడికీ పోవు. ఈ రెండూ మ్యాచ్‌లో ఆలోచించకుండా పడుతున్న రోజున వాటిని మళ్లీ తీయండి.

డ్రైవ్ ఇంపాక్ట్ గురించి. అది రెండు దెబ్బల వరకు తట్టుకుని వస్తుంది కాబట్టి మీరు హడోకెన్ వేసినా, కిక్ మీద కిక్ కొట్టినా దూసుకొచ్చేస్తుంది. జవాబు సూటిగానే ఉంటుంది: చూసిన వెంటనే మీరూ డ్రైవ్ ఇంపాక్ట్ కొట్టాలి, తర్వాత కొట్టినదే గెలుస్తుంది. 26 ఫ్రేముల్లో అది కుదురుతుంది, కానీ రావచ్చని మనసులో ముందే అనుకుని ఉండాలి. ఎప్పుడు వస్తుందో చూడండి. మీ వీపు గోడకి ఆనినప్పుడు, మీరు ఒకే వరసలో దెబ్బలు కొడుతున్నప్పుడు, మీ డ్రైవ్ గేజ్ అడుగంటినప్పుడు. చివరిది చాలా ప్రమాదం. ఆరు గడులూ అయిపోయి బర్నౌట్ అయితే, గోడ దగ్గర డ్రైవ్ ఇంపాక్ట్‌ని బ్లాక్ చేసినా కెన్ కళ్లు తేలేస్తాడు. పైగా బర్నౌట్‌లో ప్రతి బ్లాక్ తర్వాతా 4 ఫ్రేములు ఎక్కువ ఇరుక్కుపోతారు, మామూలుగా తప్పించుకునే వాటినుంచి కూడా తప్పించుకోలేరు. ఓవర్‌డ్రైవ్ దెబ్బ (గేజ్ ఖర్చుపెట్టి మరింత బలంగా వేసే స్పెషల్ దెబ్బ) ఒక్కోదానికి రెండు గడులు, దెబ్బ మధ్యలోంచి డ్రైవ్ రష్‌కి మూడు. రౌండు మొదట్లోనే ఈ రెండూ కలిపి వాడితే మిగిలేది ఒక్క గడి. చాలామంది సిల్వర్ ఆటగాళ్ల ఓటమి అక్కడే మొదలవుతుంది. ఆరోగ్యం గీతను చూసినంత శ్రద్ధగా ఆ పచ్చ గీతను కూడా చూడండి.

హోండా తల దూకుడు మీ ఒక్కరి బాధే కాదు, కొత్తవాళ్లందరిదీ. దీనికి ట్రైనింగ్ మోడ్‌ని వేరేలా వాడాలి. డమ్మీగా హోండాని పెట్టండి. మీరే కంట్రోల్ తీసుకుని ఆ తల దెబ్బను రికార్డు చేయండి. వేరే స్లాట్లలో ఊరికే నిలబడటం, నడిచొచ్చి త్రో చేయడం కూడా రికార్డు చేసి, ఏది వస్తుందో తెలియకుండా మార్చి మార్చి ప్లే చేయమనండి. ఇప్పుడు కెన్‌తో బ్లాక్ చేసి, ఆ తర్వాత మీ దగ్గరున్న దెబ్బలు ఒక్కొక్కటీ ప్రయత్నించండి. ఏది అందుతుంది, ఏది అందదు, ఏది కొడితే అతను ముందే బ్లాక్ చేసేస్తున్నాడు? స్క్రీన్ మీద ఫ్రేమ్ మీటర్ ఆన్ చేస్తే రంగుల గీతల్లో ఎవరు ముందు కదలగలరో కనిపిస్తుంది. లైట్, మీడియం, హెవీ, ఓవర్‌డ్రైవ్, ఒక్కోదానికి జవాబు వేరుగా ఉండొచ్చు. దీనికి ఒక సాయంత్రం చాలు. ఈ పని ఇంటర్నెట్‌లో పట్టిక చూసి కూడా చేయొచ్చు, కానీ మీ చేత్తో కనుక్కున్న జవాబు మ్యాచ్‌లో గుర్తుంటుంది, చదివింది గుర్తుండదు. బ్లాంకా బంతి, మరీసా పెద్ద పంచ్‌లు, ఇంకెవరైనా సరే ఇదే పద్ధతి.

రోజూ ఏం సాధన చేయాలో మీ రీప్లేలే చెబుతాయి. ఓడిన మ్యాచ్ ఒకటి తీసి, మీ ఆరోగ్యం బాగా పడిపోయిన ప్రతిచోటా ఆపండి. అక్కడ ఏం జరిగిందో ఒక ముక్కలో రాయండి: ఎగిరాడు, ఆపలేదు. త్రో, మళ్లీ త్రో. బ్లాక్ అయ్యాక కూడా నేను బటన్ నొక్కాను. రెండు మూడు రీప్లేలు చూసేసరికి ఒకే మాట పదే పదే వస్తుంది. ఆ వారానికి దాన్నొక్కదాన్నే సరిచేసుకోవాలి. మిగతా తప్పులు కనిపిస్తాయి, అవి అలా ఉండనివ్వండి. గెలిచిన మ్యాచ్ కూడా అప్పుడప్పుడు చూడండి. ఎదుటివాడి తప్పు వల్ల గెలిచినవి ఎన్నో అక్కడ బయటపడతాయి.

ఇక నెట్. స్ట్రీట్ ఫైటర్ 6 రోల్‌బ్యాక్ పద్ధతిలో నడుస్తుంది. అవతలి బటన్ మీదాకా రావడానికి కొంత సమయం పడుతుంది కదా, ఈలోపు ఆట ఆగకుండా, అవతలివాడు ఇంతకుముందు నొక్కిందే ఇంకా నొక్కుతున్నాడని అనుకుని ముందుకెళ్లిపోతుంది. తర్వాత అసలు బటన్ వచ్చి అంచనా తప్పని తేలితే, వెనక్కి వెళ్లి సరిచేసి మళ్లీ ఇప్పటికి వచ్చేస్తుంది. ఇదంతా కంటిరెప్పపాటులో జరుగుతుంది. ఇవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్ టోర్నమెంట్ స్థాపకుల్లో ఒకరైన టోనీ కానన్ జీజీపీఓ అనే సాఫ్ట్‌వేర్‌తో ఈ పద్ధతిని ఫైటింగ్ గేమ్స్‌లోకి తెచ్చారు. దూరదేశాల వాళ్లతో మనం ఇలా ఆడగలుగుతున్నామంటే ఆయన చేసిన పని వల్లనే. పింగ్ (సమాచారం వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) కాస్త ఎక్కువున్నా నిలకడగా ఉంటే రోల్‌బ్యాక్ బాగానే నెట్టుకొస్తుంది. అది తట్టుకోలేనిది నిలకడ లేకపోవడాన్ని. ఒకసారి 40, మరుక్షణం 150, మళ్లీ 60 అయితే బొమ్మలు అక్కడినుంచి ఇక్కడికి గెంతుతాయి. వైఫై చేసేది సరిగ్గా ఇదే. పక్క ఫ్లాట్ల రౌటర్లు, మధ్యలో గోడలు, ఇంట్లో ఇంకొకరి వీడియో కాల్, అన్నీ అడ్డమే. స్పీడు ఎంతుందని చూసుకుని తృప్తిపడకండి, ఈ ఆటకి పెద్ద స్పీడు అక్కర్లేదు. రౌటర్ హాల్లో, టీవీ పడకగదిలో ఉన్నా సరే, గోడ అంచు వెంట పొడుగు ల్యాన్ కేబుల్ ఒకటి లాగించండి. ఇది మీ ఒక్కరి కోసం కాదు, మీతో ఆడే అవతలి మనిషి ఆట కూడా మీ వైఫై వల్లే పాడవుతోంది. మ్యాచ్ ఒప్పుకునే ముందు వైఫై గుర్తు చూసి తిప్పికొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లను నేను తప్పుపట్టను. మ్యాచ్ సెట్టింగ్స్‌లో కనెక్షన్ నాణ్యత కనీసం ఎంతుండాలో మీరూ పెట్టుకోవచ్చు.

టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేశారా? మీరు దాని గురించి రాయలేదు కాబట్టి అడుగుతున్నాను. మామూలు మోడ్‌లో చాలా టీవీలు బొమ్మకి మెరుగులు దిద్ది మరీ చూపిస్తాయి, ఆ దిద్దడానికి పట్టే ఆలస్యం మీ ప్రతి జవాబులోంచీ కోత పడుతుంది. ల్యాగ్ అని మీరు అనుకుంటున్నదాంట్లో కొంత ఇదే కావచ్చు.

క్యారెక్టర్ మార్చాలా అంటే, ఇప్పుడే వద్దు. ఎగిరినవాణ్ని ఆపకపోవడం, గేజ్ అయిపోగొట్టడం, బ్లాక్ అయ్యాక బటన్ నొక్కడం, ఇవి కెన్ తప్పులు కావు. ఎవరిని తీసుకున్నా మీతోపాటే వస్తాయి. ఈ ఆటలో ర్యాంకు ఒక్కో క్యారెక్టర్‌కి విడిగా ఉంటుంది, మారితే దాన్ని మళ్లీ కొత్తగా తేల్చుకోవాలి. కెన్‌ని చూస్తే మీకు సంతోషంగా ఉంటే అతనితోనే ఉండండి. సంతోషమే లేకపోతే, గైల్‌లా నిలబడి కాచుకోవడం మీ స్వభావానికి నప్పితే, అప్పుడు మారండి. గెలుపు కోసం మారితే మాత్రం ఇంకో నెలలో మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. చేతులు నిజంగా తిరగకపోతే మోడర్న్ కంట్రోల్స్ ఉన్నాయి. ఒక్క బటన్‌తో షోర్యుకెన్ వస్తుంది, బదులుగా అలా వేసిన స్పెషల్ దెబ్బకి 20 శాతం నష్టం తగ్గుతుంది, కొన్ని మామూలు దెబ్బలు కూడా ఉండవు. దాన్ని తక్కువగా చూసేవాళ్ల మాట పట్టించుకోకండి.

నిద్ర పట్టకపోవడం గురించి మీరు చివర్లో ఒక్క ముక్కే రాశారు గానీ, నేను దాన్ని చిన్న విషయంగా తీసుకోవడం లేదు. ర్యాంక్డ్ మ్యాచ్‌లు పడుకునే ముందు ఆడకండి. ఆ టైమ్‌లో ట్రైనింగ్ చేసుకోండి, లేదా రీప్లే చూడండి. ర్యాంక్డ్‌కి కూర్చున్నప్పుడు ఆ రోజు ఏ ఒక్కదానిమీద పని చేస్తున్నారో ముందే అనుకోండి, ఎగిరినవాణ్ని ఆపడం అనుకుంటే, ఆరుసార్లు ఎగిరితే నాలుగుసార్లు ఆపారా లేదా అన్నదే ఆ రోజు లెక్క. పాయింట్లు పోయినా సరే. చిరాకు మొదలైందని తెలిసిన మ్యాచ్ తర్వాత ఇంకొకటి ఆడొద్దు, అప్పుడు మీరు ఎదుటివాణ్ని చూడటం మానేస్తారు. ఓడాక రీమ్యాచ్ అడిగితే మాత్రం ఒప్పుకోండి. మొదటి ఆటలో వాడు ఏం చేశాడో రెండో ఆటలో వాడుకోవడం నేర్చుకునేది అక్కడే.

ఇంకొకటి మీకు తప్పకుండా కావాలి, తోడు. టెక్కెన్ 7లో లాహోర్ కుర్రాడు అర్స్‌లాన్ యాష్ 2019లో ఇవో జపాన్, లాస్ వెగాస్‌లో ఇవో, రెండూ గెలిచేదాకా పాకిస్తాన్‌లో అంత గట్టి ఆటగాళ్లున్నారని బయటివాళ్లకు పెద్దగా తెలియదు. వాళ్లు తమ ఊరి ఆర్కేడ్లలో ఒకరితో ఒకరు ఆడి ఆడి పదునెక్కారు. మీ కాకినాడ బ్యాచ్‌లో ఇప్పుడూ ఆడేవాళ్లు ఒక్కరైనా ఉంటారు, అడిగి చూడండి. లేదా ఆన్‌లైన్‌లోనే మీకంటే కొంచెం బాగా ఆడే ఒకరిని స్నేహితుల జాబితాలో చేర్చుకుని, ముందు పది గెలిచినవాడు నెగ్గినట్టు అని ఆడండి. పాయింట్లు ఉండవు, మధ్యమధ్యలో ఆపి ‘నువ్వు ఇక్కడ ఏం చూసి కొట్టావు?’ అని అడగొచ్చు. ఒకే మనిషితో ఇరవై ఆటలు ఆడితే తెలిసే విషయాలు ఇరవై మంది అపరిచితులతో ఆడితే తెలియవు.

ముందు ల్యాన్ కేబుల్ వేయించండి, టీవీ గేమ్ మోడ్ పెట్టండి, హోండాని ట్రైనింగ్‌లోకి తీసుకెళ్లండి. నెల తర్వాత కూడా అక్కడే ఆగిపోయి ఉంటే, ఓడిన మూడు రీప్లేల్లో మీరు రాసుకున్న ముక్కలు పంపండి. ఏ దూరంలో నిలబడి ఉండగా ఆ దెబ్బలు తిన్నారో కూడా రాయండి.